ఎగిరిన గుంపులో ఒక్క పిట్ట : డాక్టర్ సాలిం అలీ జీవితము

మహనీయుల జీవితములను చదువునప్పుడు వారు పొందిన బిరుదులు, అలంకరించిన పదవులు మొదట మన కంటబడతాయి. వాటికి ఎంతో ముందు, పేరు ప్రతిష్ఠలు లేని రోజులలో, వారి చేతులు ఏ పనికి అలవాటుపడినవో, వారి కన్ను దేనిని చూచుట నేర్చినదో మనము అంతగా విచారింపము. పక్షిశాస్త్రవేత్తగా లోకప్రసిద్ధి గాంచిన డాక్టర్ సాలిం అలీ చిన్ననాడు తుపాకి పట్టిన వేటగాడు. ఆయన జీవితమును వేట అనే ఆ మొదటి ద్వారము గుండా ప్రవేశించి చూడవలెనని మా సంకల్పము.

ఈ సంకల్పము కలుగుటకు మేము నిత్యము సంచరించే పేట కూడ ఒక కారణము. రెజిమెంటల్ బజార్ అనే పేరులోనే ఒక చరిత్ర ఇమిడియున్నది. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాదు వెలసింది. అక్కడ విడిసిన పటాలములతో ముడిపడి పెరిగిన బజారు ఇది. ఆ పటాలముల దొరలకు సెలవు దొరికిందంటే చెరువుల అంచున ఉల్లంకి వేట, మెట్టపొలాలలో పూరేడు వేట, తుప్పలలో కముజు వేట. తుపాకి పట్టిన దొర ముందు నడిచి తుప్పలు కొట్టి పిట్టలను లేపినవారు, పడినవాటిని వెదకి తెచ్చినవారు ఈ నేలవారే. ఆ దొరలు పోయారు, ఆ పటాలములూ పోయాయి. కాని పాత కుటుంబములలో పెద్దలు చెప్పే వేటముచ్చట్లు మా బాల్యము వరకు నిలిచాయి. ఆ ముచ్చట్లలో పులి కన్న, అడవిపంది కన్న ఎక్కువ గర్వముతో చెప్పబడిన మాట ఒకటి ఉండేది. ఫలానావారు ఒక్క లేపుకు రెండు తీతర్లను పడగొట్టారు అన్నదే ఆ మాట.

వేట ఎరుగనివారికి ఇది పెద్ద గొప్పగా తోచదు. పదిహేను ఇరవై పిట్టలు ఒక్కసారిగా లేచినప్పుడు, ఆ గుంపులోనికి తుపాకి పేల్చితే రెండు మూడు రాలక ఎక్కడికి పోతాయని అనుకొంటారు. అనుభవము దీనికి నేర్ విరుద్ధము. మన ఇండ్లలో తీతర్ అని పిలిచే కముజుగాని, బటేర్ అని పిలిచే పూరేడుగాని మనిషి అడుగుల చప్పుడు వినగానే ఎగిరిపోదు. మట్టిరంగుతో కలిసిపోయి నేలకు కరచుకొని కూర్చుంటుంది. తుప్పలలో గుంపులుగా బ్రతికే చిన్న పూరేళ్ళయితే కాలు తమపై పడబోయేదాక కదలవు. అప్పుడు కాళ్ళ నడుమ బాణసంచా పేలినట్లు రెక్కల చప్పుడుతో ఒక్కసారిగా లేచి, తలకొక దిక్కుగా చెదరిపోతాయి. ఆ చప్పుడుకు గుండె అదురుతుంది. కన్ను ఒక పిట్టపై నిలువక ముందే రెండవదానిపైకి, అక్కడనుండి మూడవదానిపైకి పోతుంది. తుపాకి మాత్రము దేనిపైనా ఉండదు.

రవ్వలు నింపిన తోటా ముప్పదియైదు నలుబది గజముల వరకే నమ్మకముగా పనిచేస్తుంది. రెండు మూడు సెకండ్లు గడిచేసరికి పిట్ట ఆ హద్దు దాటిపోతుంది. గుంపు దట్టముగా కనబడుట కంటి భ్రమ. నిజానికి పిట్టకు పిట్టకు నడుమ ఉన్నదంతా ఖాళీ ఆకాశమే. గుంపును చూచి పేల్చినవాని రవ్వలు ఆ ఖాళీలోనుండి పోతాయి. లేదా అంచున ఉన్న పిట్టకు ఒకటి రెండు రవ్వలు తగిలి, అది గాయముతో ఎక్కడో పొదలో పడి వృథాగా చస్తుంది. జంట గొట్టముల తుపాకిలో ఉన్నవి రెండే తోటాలు. కనుక నేర్పరియైన వేటగాడు మొదట గుంపును మరచిపోవలెను. ఒక్క పిట్టను ఎన్నుకొని, అది పడేవరకు దానినే చూడవలెను. అది పడిన తర్వాతనే రెండవదానిని వెదకవలెను. రెండింటిని ఒకేసారి కోరినవానికి రెండూ దక్కవు.

ముసల్మాను వేటగానికి ఇంకొక కష్టము కూడ ఉన్నది. తుపాకి దెబ్బకే ప్రాణము పోయిన పిట్ట తినదగినది కాదని మన పెద్దలలో అనేకుల ఆచారము. ప్రాణముండగానే అల్లాహ్ పేరు తలచి జబహ్ చేయవలెను. రెండు పిట్టలు రెండు దిక్కుల పడితే కత్తి పట్టుకొని ముందు ఏ దిక్కుకు పరుగెత్తవలెను? ఒకదానిని చేరేలోపల రెండవది చచ్చిపోతే ఆ ప్రాణము వ్యర్థమే. పడగొట్టుటలోని గొప్పకంటె పడినదానిపట్ల బాధ్యత పెద్దదని ఈ ఆచారము గుర్తుచేస్తుంది. సాలిం అలీ జీవితకథ కూడ సరిగా ఈ బాధ్యత దగ్గరనే మొదలగుట విశేషము.

సాలిం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో ఒక సులైమానీ బోహ్రా కుటుంబమున జన్మించారు. ఏడాది నిండగానే తండ్రి, మూడేండ్లకు తల్లి గతించారు. ఖేత్‌వాడిలో ఉన్న మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తమకు సంతానము లేనందున ఈ అనాథ పిల్లలను కన్నబిడ్డలవలె పెంచారు. మేనమామకు వేటయందు మక్కువ ఎక్కువ. ఇంటిలో వేట పుస్తకములు, ఇరుగుపొరుగున గురిపందెములు. దూరపు బంధువు, అనంతర కాలమున పాకిస్తాను తొలి అధ్యక్షుడైన ఇస్కందర్ మీర్జా ఈ పిల్లల ఆటలలో తోడు. గురిలో ఆయనది అందెవేసిన చేయి. మన బాలునికి కూడ మేనమామ ఇచ్చిన బొమ్మ గాలితుపాకి ఒకటి ఉండేది.

సుమారు పదేండ్ల ప్రాయములో ఒకనాడు ఆ తుపాకితో సాలిం ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోనికి తీసికొని చూడగా దాని గొంతుపై కూర మరక వంటి పసుపుపచ్చని మచ్చ కనబడింది. ఊరపిచ్చుకకు అటువంటి మచ్చ ఉండదు. ఇది ఏ జాతి పిట్ట? దీనిని తినవచ్చునా, తినరాదా? సందేహము తోచి బాలుడు మేనమామ వద్దకు పోయాడు. మేనమామకూ తెలియలేదు. ఆయన ఒక పరిచయపు ఉత్తరమిచ్చి బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దొర పిట్టను చూచి పసుపుగొంతు పిచ్చుక అని చెప్పి, బీరువాలలో భద్రపరచిన పక్షులను ఒక్కొక్కటే తీసి బాలునికి చూపారు. ఒక్క పిచ్చుక కొరకు తడబడుతూ వచ్చిన పిల్లవాని ముందు వేల పక్షులు తెరచుకొన్నాయి.

విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెనని మా కోరిక. ఆనాడు ఆ బాలుడు పది పిచ్చుకలను కొట్టి లెక్క చూచుకొని మురిసియుంటే ఆ మచ్చ ఆయన కంటికి ఆనకపోవును. చేతిలో ఉన్నది ఒక్కటే పిట్ట. దానిని పరీక్షగా చూచినందువల్లనే సందేహము పుట్టింది. ఆ సందేహమే విద్యకు మొదటి మెట్టు అయింది.

చదువు మాత్రము సుగమముగా సాగలేదు. పదమూడవ ఏట మొదలైన తలనొప్పులు తరచు బడిని మాన్పించాయి. గాలి మార్పు కొరకు కొంతకాలము సింధు ప్రాంతమునకు పంపారు. 1913లో బొంబాయి విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను ఎట్లో గట్టెక్కింది. సెంట్ జేవియర్స్ కళాశాలలో చేరి, మొదటి ఏడాదితోనే వదలి, బర్మాలోని తవాయ్‌లో కుటుంబమువారి టంగ్‌స్టను గనుల పని, కలప వ్యాపారము చూచుటకు వెళ్ళారు. వ్యాపారము కంటె అక్కడి అడవులే ఆయనకు ఎక్కువ నేర్పాయి. 1917లో తిరిగివచ్చి, కళాశాలలోని ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహమున జంతుశాస్త్రము కొంత అభ్యసించారు. 1918లో తెహ్మీనా బేగంతో వివాహమైంది.

అటుపిమ్మట ఎదురుదెబ్బలు. విశ్వవిద్యాలయ పట్టము లేనందున భారత జంతుశాస్త్ర సర్వేక్షణ శాఖలో పక్షిశాస్త్రవేత్త ఉద్యోగము దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియములో నెలకు 350 రూపాయలపై మార్గదర్శక ఉపన్యాసకునిగా కుదిరారు. రెండేండ్లకు సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో ఆచార్య ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద పక్షిశాస్త్రమును క్రమముగా నేర్చారు. 1930లో తిరిగివచ్చేసరికి నిధులు లేవని ఆ ఉద్యోగమునే తీసివేశారు. ముప్పదినాలుగేండ్ల వయసు, చేత పట్టము లేదు, జీతము లేదు. మన విద్యార్థులలో ఉద్యోగము దొరకలేదని కుంగిపోయేవారు ఈ ఘట్టమును మరువరాదు.

భార్యాభర్తలు బొంబాయికి సమీపముననున్న కిహిం అనే సముద్రతీర గ్రామమునకు మకాము మార్చారు. ఇంటిదగ్గర చెట్టుపై గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. జాషువా మహాకవి పద్యములవల్ల గిజిగాని పనితనము తెలుగువారికి సుపరిచితమే. సాలిం అలీ ఆ గుంపును గుంపుగా చూడలేదు. ఏ మగపిట్ట ఏ గూడు కట్టినది, ఏ ఆడుపిట్ట వచ్చి ఏ గూటిని ఎన్నుకొన్నది, ఆ తర్వాత ఆ మగపిట్ట ఏమి చేసినది అని ఒక్కొక్కదానిని వేరువేరుగా గమనించారు. మగపిట్ట సగము గూడు కట్టి ఉంచుతుంది. ఆడుది వచ్చి పరిశీలించి నచ్చితే అందులో కాపురము పెడుతుంది. మగది ఆ గూడు పూర్తిచేసి, మరల ఇంకొక గూడు మొదలుపెట్టి మరొక ఆడుదానిని పిలుస్తుంది. అంతకు మునుపు ఎవరూ ఇంత స్పష్టముగా చెప్పని ఈ విషయము ఆయనకు శాస్త్రలోకమున పేరు తెచ్చింది. నిరుద్యోగకాలము ఆ విధముగా సార్థకమైంది.

ఇక మన నేలతో ఆయనకు కలిగిన సంబంధము. దేశములోని సంస్థానములలో ఏయే పక్షులున్నవో క్రమపద్ధతిని తెలిపే గ్రంథములు ఆనాడు లేవు. ప్రయాణపు ఖర్చులు, మకాముల ఖర్చులు భరించినచో జీతము లేకుండ పనిచేస్తానని సాలిం అలీ ముందుకు వచ్చారు. నిజాం ప్రభుత్వము సమ్మతించింది. ఆ విధముగా 1931-32లో హైదరాబాదు రాష్ట్ర పక్షి సర్వేక్షణము జరిగింది. ఆనాటి రాష్ట్రమంటే తెలంగాణమే కాదు, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడ. తెహ్మీనా బేగం భర్త వెంట అడవి మకాములలో నివసించారు. నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమి వంటి చోట్ల, చెంచుల నడుమ ఈ పని సాగింది. ఫలితములు 1933-34లో ఆ సంఘపు పత్రికలో భాగములుగా వెలువడ్డాయి. ఆంగ్లేయ పక్షిశాస్త్రవేత్త హ్యూ విస్లర్ వాటికి వివరణలు వ్రాశారు. కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియరు, ఇందూరు, భోపాలు సర్వేక్షణములు దీని తర్వాతివి.

ఈ పనిలోనూ తుపాకి ఉన్నది. దూరదర్శిని మాత్రముతో జాతుల సూక్ష్మభేదములను నిర్ణయించుటకు అది తగిన కాలము కాదు. నమూనా చేతిలో ఉండవలెను. అయితే శాస్త్రము కొరకు కొట్టే తుపాకికి, సరదా కొరకు కొట్టే తుపాకికి ఎంతో భేదమున్నది. చిన్నపిట్టకు ధూళివంటి సన్నరవ్వ వాడవలెను, లేనిచో చర్మము చిల్లులుపడి నమూనా పాడవుతుంది. గుంపులోనికి పేల్చుట ఇక్కడ శుద్ధ మూర్ఖత్వము. కొట్టిన ప్రతి పిట్టకు ఆ సాయంకాలమే చర్మము ఒలిచి, విషపు మందు పూసి, దూది నింపి, కొలతలు తీసి, తేదీ, స్థలము, ఆడుదో మగదో వ్రాసిన చీటీ కాలికి కట్టవలెను. మన ఎండలకు మరునాటి దాక ఆగదు. లాంతరు వెలుగులో ఎన్ని పిట్టలను భద్రపరచగలమో అన్నిటినే కొట్టవలెను. పడిన ప్రాణముపట్ల బాధ్యత అని మేము పైన చెప్పిన ఆచారమునకు, ఈ శాస్త్రనియమమునకు ఎంత దగ్గరి పోలికయో చూడండి.

సాలిం అలీ పక్షులను చంపినవారే గదా, ఆయనను పక్షిరక్షకుడని పొగడుట ఎట్లు అని అడిగేవారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. దానిని దాచుట మా ఉద్దేశము కాదు, ఆయన కూడ ఎన్నడూ దాచలేదు. వేటలో ఆనందము పొందానని ఒప్పుకొన్నారు. నమూనాలు లేనిదే జాతుల జ్ఞానము లేదని, జ్ఞానము లేనిదే రక్షణ లేదని ఆయన వాదము. నేటి విద్యార్థికి ఛాయాచిత్రము, ధ్వనిముద్రణ వంటి సాధనములు ఉన్నాయి. ఆనాటి మార్గము నేడు అవసరమూ కాదు, అనుకరణీయమూ కాదు. కాని ఎందుకు చంపుతున్నాము, ఎన్నిటిని చంపుతున్నాము అన్న రెండు ప్రశ్నలు వేసికొన్నవానికి, వేసికొననివానికి భేదము ఎంతో కలదు.

ఆ భేదమును ఒక తేదీ మనకు చూపుతుంది. 1938 నవంబరు 12వ తేదీన సాలిం అలీకి నలుబది రెండేండ్లు నిండాయి. సరిగా అదే రోజున రాజపుటానాలోని భరత్‌పూర్ జలాశయముపై వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు గౌరవార్థము బాతుల వేట జరిగింది. ఒక్కరోజున కూలిన పక్షులు 4,273. ఆ లెక్కను రాతిపై చెక్కించి అక్కడనే నిలిపారు. ఒక్క లేపుకు రెండు పిట్టలు అన్న పాత వేటగాని నేర్పు ఇక్కడ అడుగంటింది. ఇక్కడ లెక్క మాత్రమే మిగిలింది. ఆ వేలలో ఒక్క పక్షి గొంతుపై ఏ మచ్చ ఉన్నదో చూచిన కన్ను ఉన్నదా?

విధివిలాసమేమనగా, ఆ జలాశయమును తదనంతరము కాపాడినవారిలో ముఖ్యుడు సాలిం అలీయే. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆ నీటిని సేద్యమునకు మళ్ళించవలెనన్న ఒత్తిడి బలముగా లేచింది. ఆయన ప్రధాని నెహ్రూ దృష్టికి విషయమును తెచ్చారు. నీరు నిలిచింది. 1964లో చివరి పెద్ద వేట జరిగింది. 1972 వరకు మిగిలిన మహారాజు వేటహక్కు ఆపై ముగిసింది. నేడది కేవలాదేవ్ జాతీయోద్యానము. 1985లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడింది.

వ్యక్తిగత జీవితములో ఆయనకు పెద్ద దెబ్బ 1939లో తగిలింది. చిన్న శస్త్రచికిత్స తర్వాత తెహ్మీనా బేగం మరణించారు. ఆపై ఆయన సోదరి ఇంట నివసిస్తూ శేషజీవితమంతా పక్షులకే అంకితము చేశారు. 1941లో భారతీయ పక్షులపై ఆయన వ్రాసిన సచిత్ర గ్రంథము ఎందరికో పక్షుల పేర్లు నేర్పింది. అమెరికన్ శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి రచించిన పది సంపుటముల మహాగ్రంథము 1968 నుండి 1974 వరకు వెలువడింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1967లో బ్రిటిషు పక్షిశాస్త్రవేత్తల సంఘము స్వర్ణపతకము అందుకొన్నారు. బ్రిటిషువారు కానివారిలో ఆ గౌరవము పొందిన మొదటివారు ఆయనే. పట్టము లేదని ఒకప్పుడు తిరస్కరింపబడిన ఆయనకు 1958లో అలీగఢ్, 1973లో ఢిల్లీ, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటులిచ్చాయి. పాల్ గెటీ బహుమానపు ధనమును ప్రకృతి పరిరక్షణ నిధికి వినియోగించారు. 1985లో రాజ్యసభకు నియమితులైనారు. అదే ఏట వెలువడిన స్వీయచరిత్రకు ఆయన పెట్టిన పేరు కూడ పిచ్చుక పతనమును సూచించేదే. చిన్ననాటి ఆ ఒక్క పిట్టను ఆయన చివరిదాక మరువలేదు.

1900 తర్వాత ఎవరి కంటికీ కానరాక, అంతరించిందని భావింపబడిన కలివికోడి 1986లో కడప జిల్లాలో ఆయన సంఘమువారి కృషివల్ల తిరిగి కనబడింది. ఆ సంతోషవార్త విన్న మరుసటి ఏడు, 1987 జూన్ 20వ తేదీన, తొంబదేండ్ల వయసున సాలిం అలీ బొంబాయిలో కన్నుమూశారు. ఆయన జన్మదినమైన నవంబరు 12 నేడు దేశమున పక్షివీక్షణ దినముగా జరుపబడుతున్నది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని తదుపరి సవరణల మూలముగా నేడు కముజునుగాని పూరేడునుగాని అడవిలో కొట్టుట నేరము. కనుక ఒక్క లేపుకు రెండు పిట్టలు అన్న గొప్ప మన పేటలో ఇక ముచ్చటగానే మిగలవలెను. అట్లు మిగులుటే మంచిది. అయినను ఆ ముచ్చటలోని పాఠము చెడిపోలేదు. నగరము నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానములో కముజు కూత ఇప్పటికీ వినవచ్చును. ఏ ఆదివారము ఉదయమైనను మన విద్యార్థులు అక్కడికి పోయి, తుప్ప దగ్గర కదలక నిలిచి చూడవలెను. గుంపు లేచినప్పుడు అన్నిటిని చూడబోతే ఏదీ కనబడదు. ఒక్కదానిని ఎన్నుకొని అది వాలేదాక చూచినవానికి దాని రెక్క, తోక, గొంతుపై మచ్చ కనబడతాయి.

చదువులోనైనా అంతే. ముందున్న దారులు అనేకము. అన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టి లేచినప్పుడు యువకుని మనస్సు చెదరుట సహజము. తలనొప్పులతో బడి మానినవాడు, పట్టము లేక ఉద్యోగము పోగొట్టుకొన్నవాడు, ఒక్కదానినే ఎన్నుకొని జీవితాంతము చూపు మరల్చనందువల్ల ఎంతవాడైనాడో మనము చూచాము. అటువంటి నిలుకడను అల్లాహ్ మన విద్యార్థినీ విద్యార్థులకు ప్రసాదించుగాక అని మా ప్రార్థన.